చాప ఎత్తే చెయ్యి

"చాప మీంచి లేవవే," అంది ఫామనూ మూడోసారి.

మొయెలంగి లేవలేదు. ఆ దీవుల రాజధాని అపియాలో పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చిన మనిషి, ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా ఇంటి నట్టనడుమ పరిచిన మేలిచాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.

ఆ చాప కూర్చోవడానికి నేసింది కాదు. ఆమె అమ్మమ్మ నాలుగేళ్లు కూర్చుని, కళ్లు పోగొట్టుకుని, పట్టుగుడ్డలా మడతపడేటట్టు నేసింది. పెళ్లికో చావుకో క్షమాపణకో తప్ప పరుపు కింద నుంచి బయటికి రాదు. ఇవాళ వచ్చింది. ఎందుకొచ్చిందో తెలిసే కూతురు దాని మీద తిష్ట వేసింది.

"పక్కింటివాళ్లు చూస్తున్నారే, మొయే!"

"చూడనీ అమ్మా."

చూడక ఏం చేస్తారు? గోడల్లేని ఇళ్లు. వైమాలు ఊళ్లో ఒక ఇంట్లో దగ్గితే మూడిళ్ల అవతలి నుంచి కషాయం చెబుతారు. అలాంటి ఊళ్లో, చట్టాలు రాసే ఉద్యోగం చేస్తున్న ముప్ఫై అయిదేళ్ల మనిషి పసిపిల్లలా మొండికేస్తే మామూలుగా అయితే వారం రోజులు నవ్వుకునేవారు. ఎవరూ నవ్వలేదు. ఏరు పొంగి తౌసాలా కూతురు లూపేని పట్టుకుపోయిన దగ్గర్నుంచి, అంటే పద్దెనిమిది రోజులుగా, ఆ ఊళ్లో ఎవరూ నవ్వడం లేదు.

తుయిమాలు ఇంట్లోకి వచ్చాడు. ఊరి పెద్ద, డెబ్భై దాటినవాడు, పాస్టరు గారింటి నుంచి నడిచి వచ్చి అలిసిపోయాడు. కూతుర్ని చూశాడు. నిలబడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. వెళ్లి తన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాకే నోరు విప్పాడు.

"ఏవిటిది?"

"చాప ఇవ్వను నాన్నా."

"నిన్నడగలేదు."

"అడగలేదనే కూర్చున్నా."

ఫామనూ గుండె మీద చెయ్యేసుకుంది. తండ్రికి ఎదురు చెప్పడం ఒకటి, ఆ చాప మీద కూర్చుని చెప్పడం ఇంకొకటి.

"ఎల్లుండి తెల్లారేసరికి నేను తౌసాలా వాళ్ల వాకిట్లో ఉండాలి," అన్నాడు తుయిమాలు. "ఆ చాప కప్పుకుని మోకరించాలి. వాళ్లు క్షమిస్తే చాప ఎత్తుతారు, లేకపోతే కత్తి తెచ్చి నరుకుతారు. రెండూ వాళ్ల హక్కే. మా తాతలు చేశారు, నేనూ చేస్తాను. ఇందులో నీ ఆఫీసుకేం పని?"

"నువ్వు మోకరిస్తే తప్పు ఒప్పుకున్నట్టు నాన్నా."

"ఒప్పుకోవడానికేగా మోకరించేది!"

"అక్కడే చెడింది." మొయెలంగి గొంతు తగ్గించింది. "మంగళవారం విచారణ. కొత్త ప్రయోగాల చట్టం పద్నాలుగో సెక్షన్లో ఏముందో తెలుసా? ప్రయోగం జరిగే ఊళ్లో పెద్దల సభ తప్పు తమదేనని నలుగురిలో ఒప్పుకుంటే, కంపెనీ మీద విచారణ అంతటితో ఆగిపోతుంది. ఆగిపోతే వరదొస్తే మోగాల్సిన ఆ మిషను ఎందుకు మోగలేదో ఎవరూ అడగరు. వచ్చే వానల నాటికి దాన్నే ఇంకో ముప్ఫై ఒక్క ఊళ్లలో పెడతారు. ఆ ఊళ్లలో పిల్లల్లేరా?"

తుయిమాలు చేతివేళ్లతో పక్కనున్న కొబ్బరిపీచు తీసి, మోకాలి మీద పేనడం మొదలుపెట్టాడు. ఆలోచన వస్తే పెద్దవాళ్లు చేసే పని అది.

"పద్నాలుగో సెక్షను ఎవరు రాశారు?"

"కంపెనీ లాయర్లు రాసిచ్చారు. నేను చదివి, సరే అన్నాను."

"తొమ్మిదోది?"

తొమ్మిదోది ఆమెదే. మూడేళ్ల కిందట, కొత్త ప్రయోగాల చట్టం రాస్తున్నప్పుడు, విమానంలో వచ్చిన సలహాదారులు ఊళ్లో ప్రతి మనిషి దగ్గరా సంతకం తీసుకోవాలన్నారు. ఆమె లేచి నిలబడి వాదించింది. మా ఊళ్లలో ఇంటింటికీ కాయితం పట్టుకు తిరిగితే అది మర్యాద కాదు, పెద్ద మాటే ఊరి మాట, వెయ్యేళ్లుగా మా న్యాయం ఇదే, మీ సంతకాల కోసం మా పెద్దల్ని చిన్నబుచ్చకండి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చట్టంలో మన ఆచారానికి చోటు దొరికిందని పత్రికలో ఆమె ఫోటో కూడా వేశారు. పెద్దల సభ సమ్మతి తెలిపితే ఊళ్లో ప్రతి ఒక్కరూ సమ్మతించినట్టే. ఇదీ తొమ్మిదో సెక్షను. పాపం, ఎంత గొప్పగా రాసిందని!

ఆ సెక్షన్ని పట్టుకుని కంపెనీ ముందుగా ఆమె సొంత ఊరికే వచ్చింది, తుయిమాలు సభ సరే అంది. ఏట్లో రెండు చోట్ల కొలత కర్రలు పాతారు, ఇంటింటికీ పసుపుపచ్చ ఫోను ఒకటి పంచారు. వరదొస్తే ఆ ఫోను అరుస్తుంది, అందరూ గుట్ట మీదికి వెళ్లాలి. ఒక్కటే షరతు. ప్రయోగం నడిచే ఆర్నెల్లూ వరదకి ఊరి గంట కొట్టకూడదు. రెండూ మోగితే జనాన్ని లేపింది ఏదో లెక్క తేలదట. ప్రార్థనకి కొట్టుకోవచ్చు, వరదకి మాత్రం వద్దు.

చెట్టుకి వేలాడదీసిన ఖాళీ గ్యాసు సిలిండరు ఆ ఊరి గంట. ఇనపకడ్డీతో కొడితే ఏటి అవతలకి వినిపిస్తుంది.

ఆ సమయంలోనే స్తంభానికి తగిలించిన పసుపు ఫోను కిచకిచలాడింది. ఫామనూ అలవాటుగా లేచి వెళ్లి ఒక మీట నొక్కింది.

"ఏం నొక్కావమ్మా?"

"అయిదు. శనివారం శనివారం అడుగుతుందిగా, మా సేవ ఎలా ఉంది, ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండని."

"అయిదు నొక్కావా? ఇప్పుడు కూడానా?"

"అడిగినవాళ్లకి తక్కువ చెబుతామా ఏవిటి," అంది ఫామనూ, తను చేసిన తప్పేమిటో తెలియక. "ఊరంతా అయిదే నొక్కుతారు."

మొయెలంగి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. కంపెనీ రిపోర్టు మొదటి పేజీలో ఆ అంకె ఉంది. వైమాలు ప్రజల్లో నూటికి తొంభై ఎనిమిది మందికి పూర్తి సంతృప్తి. ఆమె దాన్ని నమ్మింది. తన ఊరివాళ్ల మర్యాద తనకే తెలియనట్టు నమ్మింది.

*

పెరట్లో ఫాలానికో కట్టెలు కొడుతున్నాడు. ఆమెకి తమ్ముడు, నాలుగేళ్లు చిన్న. గంట కొట్టే పని వాడిది. పద్దెనిమిది రోజులుగా ప్రార్థనకి కూడా వాడు ఆ కడ్డీ ముట్టలేదు. ఎవరెవరో కొడుతున్నారు, ఎలా పడితే అలా.

కట్టెలు మోపు కట్టి పక్కన పెట్టాడు. దాని పక్కనే పొయ్యిరాళ్లు కుప్ప పోశాడు. క్షమాపణకి వెళ్లేవాళ్లు చాపతో పాటు ఇవీ మోసుకెళ్తారు. మమ్మల్ని కాల్చుకు తిన్నా మాకు అభ్యంతరం లేదని చెప్పడానికి.

"కొంచెం తినరా. అమ్మ చేమదుంపలు ఉడకబెట్టింది."

"ఆకలి లేదక్కా."

"నువ్వు నిన్న కూడా ఇదే మాట అన్నావట."

ఫాలానికో గొడ్డలి దుంగకి కొట్టి వదిలేశాడు. అక్క మొహం వైపు చూడలేదు. చూసి మాట్లాడటం లేదు వాడు.

"ఆ తెల్లవారుజామున నేను చెట్టు కిందే ఉన్నానక్కా. నీళ్ల చప్పుడు మారింది. ఏరు ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు, తాత నేర్పాడు. కడ్డీ చేతిలోనే ఉంది."

"నాకు తెలుసురా. చెప్పావు."

"చెప్పనిది ఒకటుంది." వాడు కట్టెల మోపు ముడి బిగించాడు. "నాన్న సభలో వద్దన్నాడని ఆగలేదు. నాన్న మాట అయితే దాటేవాణ్ణి. తర్వాత సభలో శిక్ష వేస్తే వేయించుకునేవాణ్ణి, రెండు పందులు పోతే పోయేవి. నువ్వు ఫోన్లో చెప్పావు. గుర్తుందా? 'తమ్ముడూ, ఆర్నెల్లు ఆ కడ్డీ ముట్టుకోకు, నా చట్టం నిలబడాలంటే నువ్వు ఆగాలి' అన్నావు."

గుర్తుంది. నవ్వుతూ అంది ఆ మాట. తమ్ముడితో మామూలుగా మాట్లాడుతున్నాననుకుంది. ఆ దీవుల్లో తోబుట్టువు మాట మగపిల్లలకి ఒట్టు లాంటిది. తండ్రి మాట కాదన్నవాణ్ణి ఊరు తిడుతుంది, అక్కమాట కాదన్నవాణ్ణి ఊరు మనిషిగా చూడదు. ఈ సంగతి ఆమెకి తెలియదా? పట్నంలో ఇరవై ఏళ్లుండి మరిచిపోయింది.

"ఫోను మోగుతుందని చూశాను," అన్నాడు ఫాలానికో. "ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అనుకుంటూ నిలబడ్డాను. ఈలోగా తౌసాలా కేకలు వినిపించాయి."

ఫోను మోగలేదు. పై కొలత కర్రని వరద మొదటి ఊపులోనే లాక్కుపోయింది. కర్ర నుంచి మాట రాకపోయేసరికి, అక్కడ నీళ్లు లేవని మిషను లెక్క వేసుకుంది. రెండు కర్రలూ ఒకే మాట చెబితేనే అరవమని దానికి నేర్పారు. ఈ ముక్కే మంగళవారం విచారణలో బయటపడాలి. బయటపెట్టడానికి మొయెలంగి దగ్గర ఇంజనీరు కాయితం కూడా ఉంది. విచారణంటూ జరిగితే.

"తౌసాలా నీ స్నేహితురాలు కదా," అన్నాడు తమ్ముడు. "ఒక్కసారైనా వెళ్లి పలకరించావా?"

"పిల్లని పూడ్చిపెట్టిన రోజు వెళ్లాను. జనంలో నిలబడి వచ్చేశాను."

"అవును. వెనక నిలబడ్డావు. చూశాను."

ఆమె చేతిలోని ఫోను మోగింది. ఆఫీసు పెద్దావిడ వాలేలియా.

"మొయెలంగీ, ఎలా ఉన్నావమ్మా? ఇంట్లో అందరూ క్షేమమా?"

"ఆఁ మేడం."

"సోమవారం మీ నాన్నగారు మోకరిస్తున్నారట కదా. వినగానే నాకు కళ్లనీళ్లొచ్చాయమ్మా. ఎంత గొప్ప ఆచారం మనది! మంత్రిగారు కూడా చాలా సంతోషించారు. ఎవరూ అడ్డు చెప్పకూడదు సుమా. కంపెనీ తరపున ఒక మనిషి వస్తాడు, దూరంగా నిలబడతాడు, గౌరవం కోసం. నాలుగు ఫోటోలు తీసుకుంటాడేమో, అంతే."

మొయెలంగి ఫోను పెట్టేసింది. తండ్రి మోకరించాలని ఇంతమంది ఎందుకు కోరుకుంటున్నారో ఆమెకి పూర్తిగా అర్థమైంది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆమె మళ్లీ తండ్రి ఎదుట కూర్చుంది. చాప మీద కాదు, నేల మీద.

"వెళ్లు నాన్నా. ఆపను. నువ్వు వెళ్లకపోతే ఫాలానికోని తౌసాలా వాళ్ల కుర్రాళ్లు బతకనివ్వరు, అది నాకు తెలుసు. కానీ ఒక్కటి ఒప్పుకో. ఎవరేమడిగినా నోరు విప్పొద్దు. మోకరించడం సంతాపం తెలపడమని నేను వాదించుకోగలను. నోటితో 'తప్పు మాది' అంటే మాత్రం ఇక నా చేతిలో ఏమీ లేదు. అమ్మా, నీకూ అదే మాట. తమ్ముడూ, నీకూ. ఒక్క మాట జారకూడదు. మంగళవారం దాకా మనం మూగవాళ్లం."

తుయిమాలు కూతుర్ని ఎగాదిగా చూశాడు.

"చాప కింద ఉన్నవాడు ఎలాగూ మాట్లాడడు," అన్నాడు. "మాట్లాడేవాళ్లు బయట ఉంటారు."

*

సోమవారం తెలతెలవారుతుండగా వాళ్లు తౌసాలా వాకిట్లోకి చేరారు. ఏటి బురద అక్కడ ఇంకా ఆరలేదు. తుయిమాలు కంకర మీద మోకరించి తల వంచాడు. ఫామనూ చాప విప్పి ఆయన మీద కప్పింది. ముందు కట్టెల మోపు, పొయ్యిరాళ్లు పెట్టారు. వెనక ఫాలానికో, ఇంకా అయిదారుగురు బంధువులు తలలు వంచి కూర్చున్నారు. మొయెలంగి వాకిలి అంచున నిలబడింది. ఇంతవరకూ అన్నీ అనుకున్నట్టే.

రోడ్డు మీద జీపు ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న కంపెనీ మనిషి దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తిపట్టుకున్నాడు.

ఇల్లు తెరిచే ఉంది. నాలుగు వైపులా కొబ్బరాకు తడికలు పైకి కట్టి ఉన్నాయి. లోపల తౌసాలా, ఆమె మామగారు లెఫువా, ఇద్దరు మరుదులు కూర్చుని బయటికే చూస్తున్నారు. ఎవరూ కదలలేదు.

ఎండ వచ్చింది. చాప కింద తుయిమాలు వీపు వణకడం పైకి కనిపిస్తూనే ఉంది. డెబ్భై ఏళ్ల మోకాళ్లు. ఫామనూ ఏడుస్తోంది, చప్పుడు కాకుండా, మూగవాళ్లలా ఉండమన్నారు కాబట్టి.

చాలాసేపటికి ముసలి లెఫువా లేచాడు. ఒక్కో అడుగూ చూసుకుంటూ వాకిట్లోకి దిగాడు. చాప దగ్గర ఆగి, వంగి అంచు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి మామయ్యా."

తౌసాలా గుంజ పక్కన నిలబడి ఉంది. తడిక తాడు ఒక చేత్తో పట్టుకుంది. ఆమె చాపనీ చూడలేదు, ముసలాయన్నీ చూడలేదు. వాకిలి అంచున నిలబడ్డ మనిషినే చూసింది.

"మొయే."

చిన్నప్పటి పిలుపు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నప్పటి పిలుపు.

"నిన్న మీ ఆఫీసు వాళ్లు ఒక కాయితం తెచ్చి చదివి వినిపించారు. నా పిల్ల మీద ఆ మిషను పరీక్ష పెట్టడానికి నేను ఒప్పుకున్నానని అందులో ఉంది. నిజమేనా?"

మొయెలంగి పెదవులు బిగించింది. జీపు దగ్గర ఫోను ఇంకొంచెం పైకి లేచింది.

"నిన్నే అడుగుతున్నా. నేను ఒప్పుకున్నట్టు ఉందా, లేదా?"

ఉందని తల ఊపింది మొయెలంగి.

"ఎప్పుడొప్పుకున్నానే? నువ్వు నన్నెప్పుడడిగావు?" తౌసాలా గొంతులో కోపం లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి అవస్థ పడుతోంది. "రాత్రి నుంచి ఆలోచిస్తున్నా. గుర్తు రావడం లేదు. శనివారం శనివారం ఆ ఫోను అడిగితే అయిదు నొక్కేదాన్ని. లూపే కూడా నొక్కేది సరదాగా. అదేనా ఒప్పుకోవడమంటే? నేను ఒకటి నొక్కి ఉంటే నా పిల్ల బతికేదా?"

ఫాలానికో తల ఎత్తి అక్కవైపు చూశాడు. ఇరవై రోజుల్లో మొదటిసారి. వద్దక్కా అని ఆ చూపులో ఉంది.

మొయెలంగికి అన్నీ తెలుసు. ఇప్పుడు తన నోట్లోంచి వచ్చే ఒక్క మాట ఆ తెల్లచొక్కావాడి ఫోన్లో పడుతుంది. చట్టం రాసిన మనిషి, ఊరి పెద్ద కూతురు, సభ తరపున నిలబడ్డ మనిషి ఒప్పుకుంది అంటారు. రేపటి విచారణ పోతుంది. ఇంజనీరు కాయితం పెట్టెలోనే ఉండిపోతుంది. ముప్ఫై ఒక్క ఊళ్లు. నోరు మూసుకోవాలి, అంతే. ఇంకొక్క రోజు.

కానీ ఆ పిచ్చితల్లి, తను నొక్కిన అంకె వల్లే పిల్ల పోయిందేమోనని రాత్రంతా లెక్క వేసుకుంది. దానికి జవాబు చెప్పకుండా ఎలా నిలబడుతుంది? ఎవరు నిలబడగలరు?

"కాదు తౌసాలా," అంది మొయెలంగి. "నువ్వేం నొక్కినా ఒకటే. నిన్ను నేనడగలేదు. ఎవర్నీ అడగలేదు. అడగక్కర్లేదని నేనే రాశాను. గంట కొట్టొద్దని మా తమ్ముడికి నేనే చెప్పాను. తప్పు మాది. నాది."

చాప కింద తుయిమాలు మూలిగాడు.

రోడ్డు మీది మనిషి ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. మర్యాదగా ఒకసారి తల వంచి, టోపీ పెట్టుకుని జీపెక్కాడు. అతనికి కావలసింది దొరికింది.

మొయెలంగి ఏదో ఇంకా చెబుతుందేమోనని తౌసాలా ఎదురు చూసినట్టుంది. తర్వాత చేతిలోని తాడు వదిలేసింది. రోడ్డువైపు తడిక దభీమని కిందికి పడింది. ఆమె లోపలే రెండో గుంజ దగ్గరికి నడిచింది. రెండో తడిక పడింది. మూడోది. పట్టపగలు, గోడలే లేని ఊళ్లో, ఆ ఇల్లు ఒక్కో వైపే మూసుకుంది. మరుదులిద్దరూ లోపలే ఉండిపోయారు.

వాకిట్లో ముసలి లెఫువా ఒక్కడే మిగిలాడు. మూసుకున్న ఇంటిని చూశాడు. మోకాళ్ల మీద వణుకుతున్న చాపని చూశాడు.

"మొయే," అన్నాడు తుయిమాలు లోపలి నుంచి, నీళ్లు తాగని గొంతుతో. "చాప ఎత్తుతున్నారా?"

లెఫువా చెయ్యి ఇంకా చాప మీదే ఉంది. ఎత్తనూ లేదు, వెనక్కి తీయనూ లేదు.